గిర్నీ మోత

ఊరి నుంచి బియ్యం తెచ్చే జైపాల్ బండి దిగేసరికి అడవి వాచరు దస్రు గుడిసె ముందు కూర్చుని గంజి తాగుతున్నాడు. జైపాల్ ముఖం నిండా గులాల్, కనురెప్పల మీద కూడా అదే రంగు. బియ్యం సంచి దించకుండానే లడ్డూల పొట్లం విప్పాడు.

"కాకా, తెలంగాణ బిల్లు పాసైంది. నిన్ననే అయిందట లోక్‌సభల. ఈ అడవిల ఉండి మీకే ఎర్కలేదు."

"నాలుగేండ్ల కింద గూడ ఇట్లనే లడ్డు తెచ్చినవ్," అన్నాడు దస్రు.

"గప్పుడు ఇచ్చి గుంజుకున్నరు. గిది పక్కా. తిను జర."

దస్రు లడ్డూను రెండుగా విరిచి ఒక ముక్క దవడన పెట్టుకున్నాడు. పొడుగు మనిషి. భుజాలు ముందుకు వంగిపోయాయి. ఖాకీ అంగీకి మూడు రకాల బొత్తాలు. చెప్పులున్నా అడవిలో వేసుకోడు. అరికాళ్ళు ఎండిన చెరువు అడుగులా పగిలి ఉంటాయి. భూపాలపల్లి అడవిలో ఇన్నేళ్ళు నడిచినా అతని పేరు తెలిసిన ఆఫీసరు ఒక్కరూ లేరు, ఇప్పుడొచ్చిన రాజీ తప్ప.

రాజీ కొత్త బీటు ఆఫీసరు. స్టేషన్ ఘన్‌పూర్ పిల్ల. పోయిన నెలలోనే పెళ్ళయింది, మెడలో పసుపు తాడు ఇంకా పచ్చగా మెరుస్తోంది. కాలి మట్టెలు రాళ్ళకు తగిలి టక్కుమంటే జంతువులు పారిపోతాయని దస్రు మొదటి రోజే చెప్పాడు. ఆమె నవ్వి, వాటికి దారం చుట్టుకుంది. ఇప్పుడు గుడిసెలోంచి వస్తూనే లడ్డూ అందుకుని, "మా ఆయన ఎంత సంబరపడుతున్నడో. గుట్టెక్కి ఫోన్ చెయ్యాలె," అంది.

"ఊరంత రోడ్డు మీదనే ఉన్నది మేడం," అన్నాడు జైపాల్ బండి తిప్పుతూ. "వాల్యాగాడైతే నిన్న పొద్దుగూకినప్పటి సంది డప్పు దించుతలేడు. రాత్రి ఇంటికే పోలే."

దస్రు దవడ కదలడం ఆగిపోయింది.

వాల్యా అతని అన్న కొడుకు. నిన్న సాయంత్రం భుజాన తీగచుట్టతో వాగువైపు పోతుంటే దస్రు కళ్ళారా చూశాడు, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. అడవిపందుల కోసం చీకటిపడే వేళ తీగను కరెంటు లైనుకు తగిలిస్తారు, తెల్లారకముందే తీసేస్తారు. వాడు రాత్రంతా ఊళ్ళోనే ఉంటే తీసిందెవరు? జైపాల్‌ను పక్కకు పిలుద్దామనుకునేలోపే బండి మలుపు దాటింది. మధ్యాహ్నానికి తండా మేకలు నీళ్ళకు దిగేది ఆ వాగులోకే.

ఇద్దరూ నడక మొదలుపెట్టారు. మోదుగులు ఆకు రాల్చి ఎర్రగా పూశాయి. దారి చీలిన ప్రతిచోటా రాజీ ఒక రెమ్మను సగం విరిచి తాము పోతున్న వైపుకు వంచింది. తిరిగి వచ్చేటప్పుడు అదే గుర్తు. పుట్ట మీద ఎలుగు గోళ్ళ గీతలను తనే కనిపెట్టి దస్రు వైపు గర్వంగా చూసింది. అతను తలాడించాడు కానీ, చెవులు దూరాన పిండిగిర్నీ మోత మీదున్నాయి. నిరంజన్ గిర్నీ అది. అడవిలోకి సన్నగా, ఆగకుండా వినిపిస్తుంది.

"ఏంది కాకా, ఊకె గటు ఇంటున్నవ్?"

"గిర్నీ బిడ్డా. దినాం పగటిపూట కరెంటు తీస్తరు గద, అది ఆగిందంటే తీసిండ్రన్నట్టు. ఈడ గడియారం గదే. ఏడన్న తీగ కనపడితే గప్పుడే చుట్టెయ్యాలె."

"చుట్టేసుడు కాదు. తీగ దొరికితే నేను కేసు రాయాలె."

"రాయాలె," అన్నాడు దస్రు. పోయినేడు కేసయిన ఒకడు జైలుకు పోతే వాడి పెళ్ళాం పిల్లలు బతకలేక తండా వదిలి వెళ్ళిపోయారు. ఆ గుడిసె మీద ఇప్పుడు కప్పు కూడా లేదు.

వాగు ఇసుకలో రాజీ మోకాళ్ళ మీద కూర్చుని అతను నేర్పినట్టే చేతులతో చెలిమె తోడింది. ముందు తడి, తర్వాత బురద, ఆ తర్వాత నీరు. "వచ్చింది కాకా," అని గుసగుసగా అంది, గట్టిగా అంటే నీళ్ళు వెనక్కి పోతాయన్నట్టు. దస్రు చూపు అవతలి ఒడ్డున ఉంది. అక్కడ పొదల మొదట్లో నక్క పడి ఉంది. నోట్లో ఈగలు. దాని పక్కన పొట్టి మేకుల మీద సన్నటి తీగ మెరుపు. కొండముచ్చులు కూడా అరవడం లేదు.

అతను ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"నీళ్ళు తేటపడనియ్యి బిడ్డా. గీలోపు గుట్టెక్కి నీ పెనిమిటితోని మాట్లాడి రాపో. ఇగో, ఈ కర్ర పట్టుకపో. రాళ్ళు జారుతయ్."

"నీకు వద్దా?"

"నాకెందుకు? రేపు అవతలి లోయకు తీస్కపోత. నెమళ్ళాడే జాగ సూపెడత."

ఆమె మట్టెల చప్పుడు లేకుండా ఎక్కిపోయింది. దస్రు మర్రి చెట్టు మొదట్లో గొంతుక్కూర్చున్నాడు. ఎండిన ఆ వెదురు కర్రతోనే ఎప్పుడూ తీగను ముందు పక్కకు నెడతాడు. ఇవాళ కర్ర లేకపోయినా గిర్నీ ఉంది. దూరంగా మేకల మెడగంటలు వినిపించాయి. ఆమె దిగేలోపు చుట్టేసి పొదల్లో దాచాలి. సాయంత్రం వాల్యా చెంప పగలగొట్టాలి.

మోత ఆగింది.

దస్రు లేచి, అంగీ చేతులు పైకి మడిచి, చెలిమె పక్కనుంచి తడికాళ్ళతో వాగు దాటాడు.

గుట్ట మీద రాజీ భర్తతో మాట్లాడి పెట్టేసిందో లేదో, జైపాల్ ఫోన్ వచ్చింది. వెనుక మైకు మోగుతోంది.

"మేడం, కాకను తోలుకొని మీరూ రండ్రి. నిరంజన్ సేటు ఇప్పుడే గిర్నీ బందువెట్టి ఊరేగింపుల ఎగురుతున్నడు."

రాజీ నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగింది. "మైకు నడుస్తున్నది కదా. కరెంటు పోలేదా?"

"ఇయ్యాల తియ్యరట. సంబరం కదా."

ఆమె ఫోన్ పెట్టేయకుండానే కిందికి పరుగెత్తింది. ఒడ్డున ఆగి, "కాకా," అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. చెలిమెలో నీళ్ళు తేటపడి ఉన్నాయి. అవతల దస్రు నక్కకు కొంచెం దూరంలో, పక్కకు తిరిగి, నిద్రపోతున్న మనిషిలా పడి ఉన్నాడు. దగ్గరికి పోకూడదని ఆమెకు తెలుసు. కర్ర అడ్డం పెట్టి, వస్తున్న మేకలను ఒడ్డునే ఆపింది. గుట్ట దిగినా ఇంకా తెగని ఫోన్‌లోకి, "లైన్ బంద్ చేయించు," అని మాత్రమే అనగలిగింది.

ఊరు వచ్చేసరికి పొద్దు వాలింది. వాల్యా డప్పు మెడలోనే ఉంది. ముఖం మీది గులాల్‌లో నీటి చారలు. కాక పాదాల దగ్గర కూలబడి తలెత్తాడు.

"తీగ నాదే మేడం. ఇయ్యాల కాకను తండాకు తీస్కపోనియ్యి. రేపు పొద్దుగాల నేనే ఠాణాకు వస్త."

కర్ర ఇంకా రాజీ చేతిలోనే ఉంది. దస్రు అరచేయి ఇన్నేళ్ళు పట్టి నునుపు చేసిన చోటు ఆమె పిడికిలికి బెత్తెడు పైన, ఖాళీగా మెరుస్తోంది.