తెరిచిపెట్టిన పుస్తకం

అశోక్ నగర్ రీడింగ్ రూముల్లో ఖాళీ కుర్చీ కనిపిస్తే ఎవరైనా లాగేసుకుంటారు గానీ, దాని ముందు పుస్తకం తెరిచి ఉంటే ముట్టుకోరు. అందుకే కళ్యాణ్ ఆదివారం తెల్లారగానే తన బల్ల మీద పాలిటీ పుస్తకం తెరిచిపెట్టి, దోస్తులతో అనంతగిరి గుట్టలెక్కడానికి చెక్కేశాడు. గ్రూప్స్ పరీక్షలకు చదువు మొదలెట్టాక నిద్రే సరిగా పట్టని వాడు, ఆ అడవిలో గొంతెత్తి అరిచాడు, కడుపుబ్బ నవ్వాడు, బండ మీద వాలి హాయిగా నిద్రపోయాడు.

సాయంత్రం ఈల వేసుకుంటూ తిరిగొస్తే, తన కుర్చీ పక్కన నేల మీద అమ్మ కూర్చుని ఉంది. రాంనగర్‌లో కూలిపనికి పోయే నర్సింహమ్మ, సెలవు దొరికిందని పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకొచ్చిందట. డబ్బా మూత ఇంకా తియ్యలేదు.

"చాయ్‌కి పోయినవేమో అనుకున్న బిడ్డా. ఫోన్ జేస్తే నీ సదువు ఖరాబైతదని జెయ్యలే. ఎవడో పుస్తకం జరపవోతే నేనే ఆపిన. నీ జాగ పోతదని ఏడికీ లేవలే."

కళ్యాణ్ ఎర్రమట్టి కొట్టుకుపోయిన బూట్లను బల్ల కిందికి దాచుకున్నాడు.

ఆమె కొడుకు మొహాన్ని తేరిపార చూసి మురిసిపోయింది.

"ఎన్నొద్దులకు నీ మొకంల కళ వచ్చింది! రోజు గిట్లనే సదువుకో బిడ్డా."