మూతి చుట్టి ‘ఈ’ అనాలి

పద్మనాభం నుంచి పట్నం వెళ్లే మొదటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని గురునాథరావు మూతి సున్నాలా చుట్టి ‘ఈ’ అనబోతున్నాడు. ఎన్నిసార్లన్నా ‘ఊ’ అనే వస్తోంది. యాభై నాలుగేళ్ల మనిషి. నెరిసిన మీసం, కాలరు దగ్గర పోగులు లేచిన తెల్ల చొక్కా. పక్క సీటు అబ్బులు కాసేపు చూసి, ఉండబట్టలేక అడిగాడు.

"ఏటి బావ, పన్ను నొప్పా?"

"కాదు. జర్మనీ మాటలు నేర్సుకుంతన్నాను."

"ఈ వయసులోనా! ఇంగిలీసు సాల్లేదేటి?"

చాల్లేదు. అదే కదా వచ్చిన చిక్కు!

ఇరవై ఆరేళ్లుగా ఆయన ఓడల ఏజెంటు ఆఫీసులో వాటర్ క్లర్కు. ఓడ రేవులోకి రాగానే నిచ్చెనెక్కి కాగితాలు తేవడం, మంచినీళ్లూ కూరగాయలూ పంపించడం, జబ్బుపడిన నావికుల్ని ఆసుపత్రిలో చేర్చడం ఆయన పని. ఓడ వెళ్లిపోతుంది, జబ్బుమనిషి మిగిలిపోతాడు. అలా ఎందరికి బత్తాయిలు పట్టుకెళ్లాడో! ఒక్కరి పేరూ గుర్తులేదు. గుర్తుపెట్టుకునే ఓపిక ఎప్పుడో చచ్చింది.

జర్మనీ నావికుడు డీటర్‌తో మాత్రం అలా కుదరలేదు. ఇంజను గదిలో ఆవిరి గొట్టం పగిలి పాపం అతని కళ్లూ ఊపిరితిత్తులూ ఉడికిపోయాయి. కళ్లకు కట్టు కట్టారు. రెండు మూడు రోజులకు మించి బతకడని డాక్టరు మొన్ననే చెప్పేశాడు. నిన్న భార్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలే కదా అన్న ధీమాతో గురునాథరావు దాన్ని సరుకు బిల్లులా గడగడా చదివేశాడు. డీటర్ గోడవైపు తిరిగిపోయాడు. "నో. నాట్ మై వైఫ్" అన్నాడు. చెంప మీద కొట్టినట్టయింది గురునాథరావుకు. ఆ పలుకులో పెళ్లాం మాటే వినిపించలేదట! వారం నుంచి ఆ మనిషి పేరునే డైటర్, డైటర్ అని పిలుస్తున్నాడట!

తర్వాత రెండు గంటలు పాఠం. డీటర్ చేత్తో తడుముకుంటూ ఆయన పెదాలు పట్టుకుని గుండ్రంగా నొక్కాడు. మూతి అలాగే ఉంచి ‘ఈ’ అనాలి. ఇంకో చప్పుడుంది. నాలుకను ‘య’ దగ్గర పెట్టి, గొంతు పలక్కుండా గాలి మాత్రం వదలాలి. ఆసుపత్రి ఆయా సన్యాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏటి బాబూ, దొరగోరు మీ మూతి పిసికేత్తన్నారు!"

ఇవాళ ఎలాగైనా చదివి తీరాలి. ఆ మనిషి పోయేలోగా పెళ్లాం మాట అతని చెవిన పడాలి. బస్సు దిగేదాకా గురునాథరావుకు ఇంకో ఆలోచన లేదు.

పదకొండింటికి ఆసుపత్రిలో ఇనప మంచం పక్కకు స్టూలు లాక్కున్నాడు. డీటర్ రొమ్ములో గురగుర వినిపిస్తోంది. మొదటి మాటకే గురునాథరావు మీసం చెమటతో తడిసింది. కష్టమైన చోటల్లా ఆగి, మూతి సరిచేసుకుని, గాలి వదిలి ముందుకెళ్లాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. రెండో పేజీ సగంలో డీటర్ నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

"స్టవ్... స్మోక్. ఎవ్రీ వింటర్, సేమ్" అన్నాడు.

పొయ్యి పొగలేస్తోందని సణుగుడు! ఇంట్లో తన భార్య గౌరీశ్వరి వానాకాలమంతా సణిగేదీ అదే. గురునాథరావు స్టూలు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. తన నోట్లోంచి వచ్చిన మాట ఒక మనిషికి ఇంటిదాని మాటలా వినిపించింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇలాంటి రోజు ఒక్కటీ లేదు.

"అగైన్" అన్నాడు డీటర్. మళ్లీ చదివాడు. మూడోసారీ చదివాడు.

మధ్యాహ్నం ఖనిజం ఓడ పని. నిచ్చెనెక్కి దిగి, పీకుతున్న మోకాళ్లతో నాలుగున్నరకు ఆఫీసుకొచ్చి పడ్డాడు. హెడ్ క్లర్కు శ్రీరామ్మూర్తి ఫైలులోంచి తలెత్తకుండానే చెప్పాడు.

"ఆస్పత్రోళ్లు ఫోన్ సేసేరు. నీ జర్మనీవోడు మూడింటికి పోనాడంట. నిద్దట్లోనే."

గురునాథరావు తన బల్ల దగ్గర కూర్చున్నాడు. టెలిగ్రాం ఫారం తీసి డీటర్ భార్య పేరు రాశాడు. ఇంతలో సాయంత్రం టపా వచ్చింది. పైనే నీలం కవరు. నిన్నటి ఉత్తరంలోని అదే వాలు చేతిరాత, డీటర్ పేరుకే.

వెనక్కి తిప్పాడు. ఆమె ఊరి పేరు చూసి మూతి చుట్టి పలికాడు. తప్పు రాలేదు.

"ఏటన్నావు?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"ఏటీ లేదు."

కవరును బల్ల మీది సగం రాసిన ఫారం మీద పెట్టి గురునాథరావు బస్సుకు బయల్దేరాడు. ఫ్యాను గాలికి, విప్పని ఆ నీలం కవరు అంచు లేస్తూ పడుతూ ఉంది.