బండికేం లేదు

నెల్లూరు జిల్లా కోట ఊళ్ళో ఆయిలింజన్లు బాగుచేసే హెబ్రోనుకు తన చెవి అంటే మహా గర్వం. స్క్రూడ్రైవరు కొసను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఆ సమయంలో ఎవరన్నా నోరు విప్పితే కళ్ళు తెరవకుండానే కసురుకునేవాడు. "వాడి చెవి దేవుడిచ్చిందబ్బా" అని చుట్టుపక్కల రైతులు చెప్పుకునేవాళ్ళు. దేవుడు కళ్ళు కూడా ఇచ్చాడన్న సంగతి హెబ్రోనుకు పని మధ్యలో గుర్తుండేది కాదు.

ఆ చెవికి లొంగని బండి ఒక్కటే ఉండేది. అది క్రీస్తుదాసు టూరు బండి. అరవై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో ఒక ఉదయం అది నాలుగు నెలల్లో నాలుగోసారి హెబ్రోను కొట్టు ముందుకొచ్చి ఆగింది.

క్రీస్తుదాసుది మిషను ఆసుపత్రిలో ఉద్యోగం. పన్నెండేళ్ళుగా ఊరూరా తిరిగి, ఒంటి మీద మచ్చలున్నవాళ్ళను వెతికి, కుష్ఠురోగానికి మాత్రలిస్తున్నాడు. మిలిటరీ వేలంలో కొన్న పాత మోటారు సైకిలు మీద చిట్టమూరు దాకా ఇసక దారులన్నీ అతనికి కొట్టినపిండి. బండి ఈ నెలలో దారికి రాకపోతే నెల్లూరు పంపేయమనీ, ఇకమీదట ఆసుపత్రిలోనే కూర్చుని పని చూసుకోమనీ పెద్దల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం జేబులో పెట్టుకునే వచ్చాడు.

"నేను కూర్చుంటే చెంచమ్మ గతేంది?" అన్నాడు.

చెంచమ్మను అయినవాళ్ళే వెళ్ళగొట్టారు. కాలవ గట్టు మీద గుడిసెలో ఒంటరిగా ఉంటుంది. మనిషి అలికిడైతే తలుపు మూసుకునే ఆ మనిషి, ఈ బండి చప్పుడుకు మాత్రం బయటికొస్తుంది.

"ఇప్పుడేమంటా ఉండాది?" అని హెబ్రోను బండి వైపు విసుగ్గా చూశాడు.

"అదే. కదిలేటప్పుడే. ఇంజను గోల పెడతాది, బండి మాత్రం ఈడ్చుకుంటా పోతాది. ఒకసారి జోరందుకుంటే ఏమీ లేదు. నిన్న ఇసకలో మూడుసార్లు దిగి తోసినా."

"నేనెక్కితే దుంకతాదే అన్నా!"

అదీ నిజమే. మొదటిసారి ఉప్పుగాలికి పట్టేసిందేమోనని కార్బరేటరు విప్పి కడిగాడు. రెండోసారి ప్లగ్గు మార్చాడు. మూడోసారి విప్పి చూస్తే క్లచ్చి ప్లేట్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. కొత్తవి వేశాడు. ప్రతిసారీ తనే ఎక్కి వీధి చివరిదాకా పోయి వచ్చాడు. బండి లేడిపిల్లలాగా గంతేసింది. అన్నకు తోలడం చేతకాదేమోనని లోలోపల అనుకున్నాడు కూడా. పెద్దవాడని పైకి అనలేదు.

ఈసారి ఇంజను పనిచేస్తుండగానే స్క్రూడ్రైవరు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "ఇదుగో, ఈడ్నుంచే వస్తాది ఆ మోత" అంటూ క్రీస్తుదాసు పక్కనే గొంతుక్కూర్చుని ఎడమ చెయ్యి చాపాడు. చప్పుడు సాఫీగానే ఉంది. కానీ ముక్కుకు ఏదో తగిలింది. పెట్రోలు కాదు, ఆయిలు కాదు. చర్మం కాలిన వాసన.

హెబ్రోను కళ్ళు తెరిచాడు. క్రీస్తుదాసు చిటికెనవేలు కాగుతున్న ఇంజనుకు ఆనుకుని ఉంది. అతను మాత్రం నిన్నటి ఇసక గురించి చెప్పుకుపోతున్నాడు.

హెబ్రోను అతని మణికట్టు పట్టుకుని లాగాడు. వేలు ఉబ్బి బొబ్బెక్కింది. క్రీస్తుదాసు దాన్ని చూసి, "అరె, చూసుకోలేదబ్బా" అని లుంగీకి తుడుచుకున్నాడు.

హెబ్రోను ఆ వేలినీ అతని ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. గొంతు మామూలుగా పెట్టి, "అన్నా, ఒకసారి నువ్వే ఎక్కి తోలు" అన్నాడు.

ఈసారి స్క్రూడ్రైవరు పక్కన పడేసి కళ్ళతో చూశాడు. క్రీస్తుదాసు ఎడమ చేత్తో క్లచ్చి పట్టాడు, గేరు వేశాడు, వదిలాడు. వదిలాననుకున్నాడు. చివరి రెండు వేళ్ళు మాత్రం వంకరగా క్లచ్చి పిడికి తగులుకునే ఉన్నాయి, క్లచ్చి సగమే వదిలింది. ఇంజను అరుస్తోంది, బండి పాకుతోంది. వీధి సగం దాటాక చెయ్యి ముందుకు జరిగింది, అప్పుడు బండి అందుకుంది. నాలుగు నెలల జబ్బు ఎక్కడుందో ఒక్క చూపులో తెలిసిపోయింది.

తిరిగి వచ్చి దిగాక హెబ్రోను, "మందుల సంచిలో ఈక తియ్యన్నా" అన్నాడు.

అది కోడి ఈక. రోగిని కళ్ళు మూసుకోమని, ఒంటి మీద ఈకతో తాకి, ఎక్కడ తాకిందో వేలు పెట్టి చూపించమనేవాడు క్రీస్తుదాసు. స్పర్శ ఉందో లేదో, అంటే కుష్ఠు పట్టిందో లేదో అలా తెలిసిపోయేది. కోటలో ఆ ఈక తగలని మనిషి లేడు. పెళ్ళికి ముందు హెబ్రోను కూడా దాని ముందు కూర్చున్నవాడే. తగలనిది క్రీస్తుదాసు ఒక్కడికే.

"నాకా?" అని నవ్వాడు క్రీస్తుదాసు. హెబ్రోను నవ్వకపోవడం చూసి బల్ల మీద కూర్చుని, చెయ్యి చాచి, కళ్ళు మూసుకున్నాడు.

హెబ్రోను ఈకతో అతని బొటనవేలు తాకాడు. క్రీస్తుదాసు సరిగ్గా చూపించాడు. చూపుడువేలు తాకాడు. చూపించాడు. చిటికెనవేలు తాకాడు. క్రీస్తుదాసు కదల్లేదు. మళ్ళీ తాకాడు. ఈక వంగిపోయేదాకా అదిమాడు.

"ఏందిరా, ఆపేసినావు? కానీ" అన్నాడు క్రీస్తుదాసు.

హెబ్రోను ఈకను ఆ వేలి మీదే ఉంచాడు. క్రీస్తుదాసు కళ్ళు తెరిచాడు. తన వేలి మీద వంగిన ఈకను చూశాడు.

"మాత్ర వేసుకుంటే ఇంకా ముదరదు. పోయింది మాత్రం రాదు" అన్నాడు. పన్నెండేళ్ళుగా అందరికీ చెప్పిన మాటే, అదే గొంతుతో చెప్పాడు.

"రేపు నేను పోతానన్నా, చెంచమ్మ కాడికి. మాత్రలిచ్చి వస్తా."

"పోతావు. బండి చప్పుడు విని బయటికొస్తాది. నిన్ను చూసి తలుపేసుకుంటాది."

ఆ ఎడమ చేత్తో ఇక క్లచ్చి పట్టేది లేదని ఇద్దరికీ తెలుసు. క్రీస్తుదాసు ఈకను సంచిలో పెట్టుకున్నాడు. జేబులోంచి ఉత్తరం తీసి చూసి మళ్ళీ మడిచాడు.

"అయితే బండికేం లేదుగా?"

"బండికేం లేదన్నా."

బాగైన బండి గురించి ఆ మాట హెబ్రోను ఎన్నిసార్లో చెప్పి ఉంటాడు. ఏడుస్తూ చెప్పింది మాత్రం ఆ ఒక్కసారే.