తల్లివరుస

ముందు గొంతు వినిపించింది. మెట్ల మీద ఎవరో ఆడమనిషి, తడిగా ఉంది జాగ్రత్త అని తనకు తానే చెప్పుకుంటూ ఎక్కుతోంది. మాట చిన్నదే, భాష మాత్రం వంటింట్లో ఉన్న కోడలి తల్లిది. మాడిన గిన్నె తోముతున్న ఆమె చెయ్యి అలాగే నిలిచిపోయింది. పదకొండేళ్ళుగా ఆ భాష ఆమెకు కలల్లో తప్ప వినిపించలేదు. ఈమధ్య కలల్లోనూ అమ్మ మూగగానే వచ్చి, మూగగానే వెళ్ళిపోతోంది.

పెళ్ళైన కొత్తలో పాలు పొంగుతున్నాయని ఆ భాషలో అరిచినందుకు అత్తగారు వారం రోజులపాటు వచ్చినవాళ్ళందరికీ అనుకరించి చూపించారు. మా కొండపిట్ట కూసిందంటూ నవ్వించారు. ఇంట్లో ఆమెకు ఆ పేరే స్థిరపడింది. భర్త నవ్వలేదు. పాప పుట్టాక మంచం పక్కన కూర్చుని, దీనికి ఆ యాస అంటకుండా నువ్వే చూసుకోవాలి అని మెత్తగా అన్నాడు. ఎగతాళికి లొంగని మనిషి ఆ మెత్తదనానికి లొంగిపోయింది. జోలపాటలు మింగేసింది. వండింది, ఉతికింది, వడ్డించింది. ఆకలేస్తోందని మాత్రం లోలోపల అమ్మ మాటల్లోనే అనుకుంది.

వచ్చినామె ఓటర్ల జాబితా రాసే మనిషి. కొండల మీది అడవి, బడి, నీళ్ళు ఇకపై ఎవరి మాట మీద నడవాలో కొండవాళ్ళే ఓటేసి తేల్చుకోబోతున్నారు. పెళ్ళై దూరం పోయిన ఆడపిల్లలకూ ఓటుంది. కాగితాలు చెల్లవు. ఎవరికి వారు తమ తల్లివరుస పేరు, అంటే తల్లి వైపు వంశం పేరు, నోటితో చెప్పాలి. ఒకరి బదులు మరొకరు చెబితే రాయరు. ఈరోజే ఆఖరు.

ఈవిడది ఇప్పుడు మా ఇంటిపేరేనండీ, కొట్టేసుకోండి అన్నాడు భర్త. జాబితామనిషి కొట్టేయలేదు. కలం మూత తీసి వంటింటి వైపే చూస్తోంది.

"నువ్వు చెబితే పిల్ల కూడా అటే లెక్క. ఆఫీసులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడతను భార్యతో, గొంతు తగ్గించి.

"దానికి గుర్తుంటే కదరా చెప్పడానికి," అన్నారు అత్తగారు లోపల్నుంచి.

ఆమె తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. నోరు తెరిస్తే గాలే వచ్చింది. అత్తగారు అన్నది నిజమేనేమోనని భయపడింది.

"తొందరేం లేదక్కా," అంది జాబితామనిషి ఆ భాషలోనే. "మా పిన్నికైతే మధ్యాహ్నందాకా పట్టింది."

అక్కా. ఆ ఒక్క పిలుపుకే మరిచిన పేరు నాలుక మీదికొచ్చింది. పాప వచ్చి కొంగు పట్టుకుంది.

"ఏం పేరమ్మా?" అని అడిగింది పాప.

ఆమె కూతురి వైపు వంగలేదు, గొంతు తగ్గించలేదు. నిటారుగా నిలబడి, వీధికి వినిపించేంత స్పష్టంగా తన తల్లివరుస పేరు పలికింది:

"సెలొయి."