మూడు రోజుల గొంతు

నేను ఒక చెక్క గంటను. గంట అంటే ఇత్తడిది కదా, చెక్కకు ఆ పేరేమిటని మీరు నవ్వుకున్నా నాకు బాధ లేదు. జానెడు పలక, దానికో పిడి, పలక మీద అటూ ఇటూ వాలే చిన్న సుత్తి. పిడి పట్టుకుని ఊపితే టకటకా మోగుతాను. ఏడాదికి మూడు రోజులే నా పని. గుడ్ ఫ్రైడేకు ముందు రోజైన పవిత్ర గురువారం సాయంత్రం పూజలో మహిమ గీతం పాడగానే క్యాథలిక్కుల గుళ్లలో గంటలన్నీ మూగబోతాయి. ప్రభువు శ్రమలను తలచుకునే ఆ రోజుల్లో, శనివారం రాత్రి జరిగే ఈస్టర్ పాస్కా పూజ దాకా, ఇత్తడి నోరు విప్పకూడదు. అప్పుడు గంటకు బదులు నేను పలుకుతాను. మిగతా మూడు వందల అరవై రెండు రోజులూ కొవ్వొత్తి ముక్కల మధ్య బీరువాలో పడుకుంటాను. ఇంత తక్కువ పని, ఇంత ఎక్కువ గౌరవం ఉన్న ఉద్యోగం మీకెవరికైనా దొరికిందా?

పుట్టుకతో నేను రైలు పట్టాల కింద పడుకున్న టేకు స్లీపరును. గుంటూరు వైపు నుంచి ఉత్తర తెలంగాణలోని ఈ జంక్షనుకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా వచ్చిన రాయప్ప, పక్కన పారేసిన ముక్కనొకదాన్ని అడిగి తెచ్చుకుని వడ్రంగి వీరాచారికి ఇచ్చాడు. ఎలా చెయ్యాలో కాగితం మీద గీసి చూపించాడు గానీ ఎందుకో చెప్పలేదు. ఇది జొన్నచేలో పిట్టలను తోలడానికేనని వీరాచారి అనుకున్నాడు. ఊరవతల చిలకలు కూడా లేచిపోయేటట్టు సుత్తిని బరువుగా చెక్కాడు. తీరా గుడికని తెలిసి నాలుక కరుచుకున్నాడు. "పోనీలే ఆచారీ, మావాళ్లు చిలకలకంటే మొండివాళ్లు" అన్నాడు రాయప్ప.

మావాళ్లంటే ఎంతమంది? ఈ దేశంలో క్రైస్తవులే తక్కువ, వారిలో క్యాథలిక్కులు ఇంకా తక్కువ. మా ఊళ్లో అయితే తొమ్మిది ఇళ్లు. రేకుల గుడి ఒకటి, నలభై కిలోమీటర్ల అవతలి నుంచి మోటారు సైకిలు మీద వచ్చే ఫాదర్‌గారు ఒకరు. ఆయన లేనప్పుడు ప్రార్థనలు నడిపించే జీతంలేని ఉపదేశి మా రాయప్పే.

అతని మనవరాలు జెసింతకు పదిహేడేళ్లు. ఇంటర్ చదివేది. పాపం, ఆ పిల్లకు రోజులో సగం తానెవరో చెప్పడానికే సరిపోయేది. బొట్టు పెట్టుకుంటే "నువ్వు క్రిస్టియన్‌వి కదా, బొట్టేంది?" అని కొందరు. మెడలో జపమాల చూసి "మీ గుళ్లో బొమ్మలుంటయి కదా, మీరు అసలు క్రిస్టియన్లే కాదు" అని వేరే సంఘాలవాళ్లు. ఇక గుడ్ ఫ్రైడే వస్తే ప్రేమగా చెయ్యి ఊపి "హ్యాపీ గుడ్ ఫ్రైడే!" అనేవాళ్లు ఊరంతా. ప్రభువు చనిపోయిన రోజుకు శుభాకాంక్షలు అందుకుని, థాంక్యూ అని కూడా చెప్పాల్సిన కష్టం మనుషుల్లో ఇంకెవరికైనా ఉందో లేదో నాకు తెలియదు. జెసింత చిన్నప్పుడు ఓపిగ్గా విడమరిచి చెప్పేది. కాలేజీకి వచ్చాక చెప్పడం మానేసి నవ్వేసి ఊరుకునేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి సిలువ ఆరాధన. దానికి గంట ముందు రాయప్ప నన్ను మోగిస్తూ తొమ్మిది ఇళ్లకూ వెళ్లేవాడు. ఎనిమిది ఇళ్లు రైల్వే క్వార్టర్ల వైపే. తొమ్మిదోది లూర్దమ్మది, బస్టాండు వెనక సందులో. ఆవిడకు చూపు లేదు, వెంట ఎవరూ లేరు. చెయ్యి పట్టుకోనిచ్చేది కాదు. రాయప్ప ముందు నన్ను మోగిస్తూ నడిస్తే, ఆ శబ్దం వెంట చేతికర్రతో గుడి దాకా వచ్చేది. ఆదివారాలు ఎవరి ఆటోలోనో వచ్చినా, ఆ శుక్రవారం మాత్రం నడకే.

ఒక ఏడాది రాయప్ప తుంటి విరిగి మంచాన పడ్డాడు. నన్ను జెసింత చేతిలో పెట్టి, "తొమ్మిది ఇళ్లమ్మా. నేను కిటికీ దగ్గర వింటూ ఉంటాను" అన్నాడు.

"వాట్సాప్‌లో పెట్టేశాను తాతయ్యా, అందరికీ టైము తెలుసు" అంది జెసింత.

"లూర్దమ్మకి వాట్సాప్ ఎవరు చదివి పెడతారే?"

ఆ పిల్ల నన్ను పట్టుకుని బయల్దేరింది. ఎనిమిది ఇళ్ల ముందూ బాగానే మోగించింది. బస్టాండు మలుపు దగ్గర సోడా బండి పక్కన తన క్లాసు పిల్లలు నిలబడి ఉన్నారు. జెసింత నన్ను చటుక్కున చున్నీ కిందికి లాగేసింది. కాసేపు ఆలోచించి, లూర్దమ్మను ఎవరో ఒకరు ఆటోలో తెస్తారులే అని తనకు తానే చెప్పుకుని గుడికి మళ్లింది. ఆ చున్నీ చీకట్లో నాకు కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. పదిహేడేళ్ల వయసులో నలుగురూ తేరిపార చూడటమెంత బరువో అప్పటికి నాకు తెలియదు. నేను మోసినవి రైళ్లే కదా.

ఫాదర్‌గారు వచ్చారు. ఎనిమిది ఇళ్లవాళ్లూ వచ్చారు. గోడ పక్కన లూర్దమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. "మీరు తెస్తారనుకున్నాం" అంటే "మీరు తెస్తారనుకున్నాం" అనుకున్నారందరూ. జెసింత నన్ను పట్టుకుని పరుగందుకుంది.

సందులో ఇంటికి తాళం వేసి ఉంది. జరిగింది ఇదీ: తెల్లచీర కట్టుకుని ఉపవాసంతో గడపలో కూర్చున్న లూర్దమ్మకు టకటకా శబ్దం వినిపించింది. బస్టాండు ఎదురుగా, హైవే అవతల కొత్త మిఠాయి దుకాణానికి చెక్కలు కొడుతున్నారు. అది నేనే అనుకుని ఆవిడ ఆ శబ్దం వెంట నడిచింది. పనివాళ్లు టీకి లేచారు. శబ్దం ఆగిపోయింది. ఆవిడ కూడా ఆగిపోయింది, సరిగ్గా హైవే మధ్యలో. అటు లారీలు, ఇటు బస్సులు.

సందులోంచి బయటికి పరుగెత్తుకొచ్చిన జెసింత ఆవిడను చూసి "మామ్మా!" అని అరిచింది. హారన్ల మధ్య ఆ గొంతు తనకే వినపడలేదు.

అప్పుడు నన్ను రెండు చేతులా పైకెత్తింది. వీరాచారి తప్పు ఎందుకు చేశాడో నాకు ఆ రోజు అర్థమైంది. అంచు పగిలేంత గట్టిగా మోగాను. టీకొట్టు యాదగిరి ఉలిక్కిపడి బయటికొచ్చి, సంగతి చూసి, వస్తున్న బస్సు ముందుకు చేతులు చాపుతూ వెళ్లాడు. "ఆపుర భై, ఆపు! ముసలమ్మ ఉంది!" బస్సు ఆగింది. లూర్దమ్మ మా వైపు తిరిగింది. జెసింత ఉరికి ఆవిడ చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చింది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

"వచ్చావా తల్లీ. ఇందాక వేరే ఎవరో మోగించారు" అంది లూర్దమ్మ తాపీగా. తర్వాత చెయ్యి విడిపించుకుంది. "పద, నువ్వు ముందు నడు. మోగిస్తూ నడు. నేనొస్తా."

"చెయ్యి పట్టుకో మామ్మా, తీసుకెళ్తాను."

"ఈ ఒక్కరోజూ పట్టుకోను. అయ్య సిలువ మోస్తూ నడిచాడు, నేను ఉత్త చేతుల్తో నడవలేనా?"

బస్టాండంతా చూస్తోంది. క్లాసు పిల్లలు దగ్గరికే వచ్చారు. నవనీత అనే పిల్ల నన్ను వింతగా చూసి, "ఏందే జెసింతా ఇది?" అంది.

జెసింత కళ్లు తుడుచుకుంది. ఈసారి నవ్వేసి ఊరుకోలేదు. "మా గంట. ఇయ్యాల మా యేసయ్య చనిపోయిన రోజు. ఇత్తడి గంట కొట్టం. దీన్నే మోగిస్తం."

"మరి నేను పొద్దున హ్యాపీ అని పెట్టిన కదనే!" అని నవనీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జెసింత నన్ను ఎత్తి నడవడం మొదలుపెట్టింది. సోడా బండి ముందు, ఆటోల ముందు, కాలేజీ గోడ ముందు, ప్రతి నాలుగడుగులకూ మోగించింది. వెనక లూర్దమ్మ కర్ర, ఆ వెనక కొంచెం దూరంలో నవనీత. నేను ఎందరినో చూశాను. ఆ నాలుగు వందల గజాలు తల దించకుండా నడిచిన ఆ పిల్లను చూసి గర్వపడినంతగా ఇంకెవరిని చూసీ గర్వపడలేదు.

ఆ సాయంత్రం ఆమె తాతయ్య మంచం పట్టె మీద కూర్చుంది. "మొదట బస్టాండు దగ్గర నేను మోగించలేదు తాతయ్యా."

"తెలుసమ్మా. ఎనిమిదే విన్నాను."

"తర్వాత?"

"తర్వాతదీ విన్నాను. నా చేతిలో ఏనాడూ అంత గట్టిగా మోగలేదు అది." పగిలిన నా అంచును బొటనవేలితో తడిమాడు. బాగుచేయించమని మాత్రం అనలేదు.

ఇప్పుడు రాయప్ప లేడు, లూర్దమ్మా లేదు. మా గుడికి స్పీకరులో మోగే కరెంటు గంట వచ్చింది. అది కూడా ఆ మూడు రోజులూ నోరు మూసుకోవాల్సిందే. జెసింత ఇప్పుడు ఇక్కడే బడిలో లెక్కలు చెబుతుంది, ఆదివారం పిల్లలకు జపాలు నేర్పుతుంది. మా ఇళ్లు ఏడయ్యాయి. బస్టాండు వెనక సందులో మావాళ్లెవరూ లేరు. అయినా ప్రతి గుడ్ ఫ్రైడే నాడు ఆమె మొదట ఆ సందుకే వెళుతుంది. తాళం వేసిన లూర్దమ్మ ఇంటి గడప ముందు నన్ను మోగించి, వెనక్కి తిరిగి చూడకుండా గుడి వైపు బయల్దేరుతుంది. చాలా మెల్లగా నడుస్తుంది, చేతికర్రతో ఒక ముసలావిడ వెనకే రావడానికి వీలైనంత మెల్లగా.