బలానికే కదా

"మందులేమైనా వాడుతున్నారా? బాగా గుర్తు చేసుకోండి" అని డాక్టర్ ఫణీంద్రగారు మళ్ళీ అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేదని ఎన్నిసార్లు చెప్పాలి ఈ మనిషికి?

మా ఆయన వంశీకృష్ణ పంజాగుట్ట ఆసుపత్రిలో మంచం పట్టి ఉన్నాడు. రక్తంలో కాల్షియం విపరీతంగా పెరిగిందట, కిడ్నీలు దెబ్బతింటున్నాయట. క్యాన్సరేమో చూడాలి, రేపు ఎముకలోంచి ముక్క తీసి పరీక్షకి పంపుతామన్నారు. ఆయనేమో నన్ను చూసి ఎవరో అనుకుని "ఆఫీసు బస్సు వెళ్ళిపోయిందా?" అంటున్నాడు. బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఏడ్చి వస్తున్నాను.

మా అత్తయ్య ఉదయలక్ష్మి మాత్రం ఏడవదు. పొద్దున్నే అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, కొంగు కింద పాల ఫ్లాస్కు దాచుకుని దిగుతుంది. నర్సు మగ్దలీనమ్మతో రోజూ గొడవే. "బయటివి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాలె పెద్దమ్మా? మేమిచ్చిందే తాగాలె" అంటుందామె. అత్తయ్య వింటేగా! ఆవిడకి ఎంగిలి పట్టింపు. తను తాగిన గ్లాసు మమ్మల్ని ముట్టుకోనివ్వదు, ఊరందరూ తాగిన గ్లాసుల్లో కొడుకుని తాగనిస్తుందా? ఆ కొడుకూ అంతే. ఒంట్లో బాగులేనప్పటి నుంచి అమ్మ పట్టిస్తేనే గుక్క దిగుతుంది, నేను పట్టిస్తే తల తిప్పేసుకుంటాడు. నిజం చెప్పొద్దూ, అది నాకు కడుపుమంట.

ఆ ఉదయం బాత్రూంలోంచి వచ్చేసరికి అత్తయ్య చిన్న పొట్లం చింపి పాలల్లో పొడి కలుపుతోంది.

"ఏంటత్తయ్యా అది?"

"విటమిన్ డి పొడే అమ్మాయ్. బలానికి."

"డాక్టరుగారు మందులేమైనా అని అంతలా అడుగుతుంటే చెప్పరేం?"

"ఇది మందెందుకవుతుంది? బలానికే కదా! వేసవిలో వీడు నడుంనొప్పి అన్నప్పుడు మన వీధి డాక్టరు రాసిందేగా. వారానికొకటి వెయ్యమన్నారు. వారానికొకటైతే ఎప్పటికి కోలుకుంటాడు? అందుకే రోజూ వేశాను. ఇక్కడికొచ్చాక మరీ నీరసించిపోతున్నాడని పొద్దునా సాయంత్రం వేస్తున్నాను."

గ్లాసు లాక్కున్నాను. పాలు దుప్పటి మీద ఒలికిపోయాయి. పొట్లం పట్టుకుని వరండాలో పరిగెత్తాను.

డాక్టరుగారు పొట్లం చూసి, రోజుకెన్ని వేశారో నాతో చెప్పించుకున్నారు. "ఎముక పరీక్ష ఆపుదాం. ముందు దీని సంగతి చూద్దాం. ఇది ఎక్కువైతే బయటికి పోదమ్మా, ఒంట్లోనే పేరుకుంటుంది. రక్తంలోకి కాల్షియం ఎక్కించి కిడ్నీల మీద పడుతుంది."

"కిడ్నీలు బాగవుతాయా?"

"ఇప్పుడే చెప్పలేను. సెలైన్ పెంచుతాం. పాలు బంద్. నీళ్ళు మాత్రం ఎంత తాగితే అంత తాగించండి."

వెనక్కొచ్చి అరిచాను. "మీ చేతులతో మీరే చంపుతున్నారు ఆయన్ని!" అత్తయ్య మంచానికి దూరంగా, గోడ దగ్గరికి జరిగి, రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"దాహం" అన్నాడాయన. నీళ్ళు పట్టించబోయాను. తల తిప్పేసుకున్నాడు. మళ్ళీ పట్టించాను. నీళ్ళు మెడ మీదుగా దిండులోకి కారిపోయాయి.

"ఏవండీ, తాగండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అమ్మా" అన్నాడు.

నాకిక పంతాలు మిగల్లేదు. "అత్తయ్యా, మీరు పట్టించండి."

"నా చేత్తో వద్దమ్మా."

"నీళ్ళే అత్తయ్యా! నేనిస్తే తాగడం లేదు, చూస్తున్నారుగా. మీరూ ఇవ్వకపోతే ఆయన..."

ఆవిడ కొంగులోంచి చేయి లాగి గ్లాసు పెట్టాను. అత్తయ్య గ్లాసులోకి చాలాసేపు చూసింది. జన్మలో ఎవరికీ ఎంగిలి పెట్టని మనిషి, ముందు తనే ఒక గుక్క తాగింది. మింగి, తనకేమైనా అవుతుందేమోనని కాసేపు చూసుకుంది. అప్పుడు గ్లాసు కొడుకు పెదాలకి ఆనించింది.