తేనెపెట్టె మీద పిండి జల్లెడ

నేను ఒక పిండి జల్లెడను. పోలీసులు ఊళ్ళకు ఊళ్ళు పట్టే జల్లెడను కాను. వాళ్ళ దగ్గర నాలాంటిది ఒక్కటి కూడా ఉండదని, ఊరికే మాటవరసకు మా పేరు వాడుకుంటారని చాలాకాలానికి తెలిసింది. నేను అసలుసిసలు ఇత్తడి తీగతో అల్లినదాన్ని. నన్ను చేసినాయన అంచుకు రేకు బిగించి, ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూసి, "దీన్లోంచి రవ్వ దిగితే నా పేరు మార్చుకుంటాను" అన్నాడు. ఆ పొగరు నాకు పుట్టుకతోనే అంటుకుంది.

అనకాపల్లి జాతరలో నన్ను కొన్నది చోడవరం నూకాలమ్మ. నా అంచు మీద అరచేత్తో తడుతూ ఆమె తిప్పుతుంటే పిండి మంచు పడ్డట్టు దిగేది. అరిసెలు తిన్నవాళ్ళు పాకాన్ని మెచ్చుకున్నారు, నేతిని మెచ్చుకున్నారు, నూకాలమ్మను మెచ్చుకున్నారు. జల్లెడ ఊసెత్తినవాళ్ళు లేరు. మనుషులతో వేగడం అంటే అదే.

ఆ ఇంటి ముందుగదిలో ఆమె కొడుకు సన్యాసినాయుడి పురుగుమందుల దుకాణం. వరికి దోమ అన్నా, మిరపకు నల్లి అన్నా వెనక్కి తిరక్కుండానే అల్మరాలోంచి సీసా తీసేవాడు. వంటింట్లో బొద్దింకలను మాత్రం నూకాలమ్మ చీపురుతోనే కొట్టేది. కొడుకు మందు గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదు.

నాయుడి భార్య వరహాలు తేనెటీగల పెంపకం నేర్చుకొచ్చి, పెరట్లో మునగచెట్టు కింద ఒక పెట్టె పెట్టింది. ఇల్లు మామగారిది, దుకాణం మొగుడిది, వంటిల్లు అత్తది. ఆ పెట్టె ఒక్కటే ఆమెది. తొలి తేనె అత్తకే ఇచ్చింది. మోకాళ్ళకు మంచిదని నూకాలమ్మ రోజూ పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో కలుపుకునేది. మోకాళ్ళ మాట తెలియదు గానీ, నోటికి మాత్రం మహా బాగా పట్టింది.

వానాకాలం వచ్చేసరికి ఈగలకు నల్లి పట్టింది. నువ్వుగింజలో సగం కూడా ఉండని ఎర్రటి పురుగు, ఈగ ఒంటికి కరుచుకుని పీల్చేస్తుంది. రెక్కలు ముడుచుకుపోయిన పిల్ల ఈగలు పెట్టె గుమ్మంలో పాకుతుంటే వరహాలు అన్నం మానేసి చూస్తూ కూర్చుంది. నాయుడికి మాత్రం ఉత్సాహం వచ్చింది. పెళ్ళానికి ఇన్నాళ్ళకు తన విద్యతో పనిపడింది మరి!

"ఒక్క చుక్క చాలే. దెబ్బకి ఒక్కటుండదు" అన్నాడు సీసా పట్టుకొచ్చి.

"వద్దండీ, మందు తేనెలోకి దిగిపోద్ది. అమావాస్య దాకా ఆగండి. అప్పటికీ పూర్తిగా పోకపోతే మీ ఇష్టమే."

"మాటంటే మాటేనా?"

"మాటే."

ఆమె ధైర్యమంతా పంచదార మీద. పంచదార పొడి ఈగల మీద చల్లితే నల్లికి పట్టు జారుతుందట. ఈగలు ఒకదాన్నొకటి దులుపుకుంటాయి. రాలిన నల్లి పెట్టె అడుగున ఉన్న తీగ వలలోంచి, కింద ఆముదం రాసిన రేకు మీద పడి అతుక్కుంటుంది. శిక్షణలో చెప్పారు. చల్లడానికి జల్లెడ కావాలి. అత్త కునుకు తీస్తుండగా నన్ను మేకు మీంచి ఎత్తుకుపోయింది.

ముసురు పట్టిన రోజు, చెమ్మెక్కిన పంచదార. నా కన్నాలన్నీ పూడుకుపోయాయి. వరహాలు నన్ను పట్టుకుని విస్తరి దులిపినట్టు దులిపింది. ముద్దలు ముద్దలుగా పడి ఈగలు జిగురయ్యాయి. నా జన్మలో అంత పరువు పోలేదు. అంతలో వెనకనుంచి కేక.

"ఒలే వరహాలూ! నా జల్లెడ పురుగుల మీద పెట్టేవేటే?"

ఇక యుద్ధమే అనుకున్నాను. కానీ నూకాలమ్మ చూపు ఆ ముద్దల మీద పడింది. జల్లెడ పోయినా ఓర్చుకునేదేమో, జల్లించడం తెలియని చేతిని మాత్రం ఆమె చూస్తూ ఊరుకోలేదు.

"జల్లించడమంటే అదేటే? పంచదార ఎండబెట్టేవా? దుంగలా నిలబడ్డావేటి, ఇలాగియ్యి!"

ఎండ కాసిన రోజు పంచదార ఆరబోసి, మిక్సీలో మెత్తగా ఆడించి, కొంగు నెత్తిన కప్పుకుని తనే వచ్చింది. అరచేత్తో తట్టింది. పొడి సన్నగా దిగింది. ఈగలు తెల్లబడి ఒకదాని వీపు ఒకటి గోకడం మొదలుపెట్టాయి. ఒక ఈగ ఆమె ముక్కు మీద కుట్టింది.

"కుట్టనీలే. తిండి పెట్టినా కుట్టేవోళ్ళు మన చుట్టాల్లో లేరేటి?"

అప్పటినుంచి వారం వారం మా ముగ్గురికీ అదే పని. మర్నాడు పొద్దున్నే రేకు లాగి, "రాలేయే, రాలేయి!" అని నూకాలమ్మ చిన్నపిల్లలా కేకలేసేది. కింద పడ్డదాన్ని చూసి నా యజమాని అంత మురిసిపోవడం, దాన్ని ఎవరికీ వడ్డించకపోవడం నాకు కొత్త.

అమావాస్య రానే వచ్చింది. నాయుడు సీసాతో పెరట్లోకి వచ్చి రేకు లాగి చూశాడు. రెక్కలు ముడిచిన ఈగలు కనిపించడం లేదు. రాలేవి బాగా తగ్గాయి. అయినా ఎర్రచుక్కలు కొన్ని ఉన్నాయి.

"ఇంకా ఉన్నాయి గదా. మాటంటే మాట" అన్నాడు.

వరహాలు పెట్టె మీద వేసిన చెయ్యి తియ్యలేదు. నాకు తీగలన్నీ బిగుసుకుపోయాయి.

నూకాలమ్మ గ్లాసులో తేనెనీళ్ళు కలుపుకుంటూ అంది: "ఒరే, ఆ సీసా మీద ఏటి రాసుందో చదవరా."

రైతులకు వందలసార్లు చదివి వినిపించిన కాగితమే. గడగడా అందుకున్నాడు. "పిల్లలకు, తినుబండారాలకు దూరముగా..." అక్కడ ఆగిపోయాడు.

ఆమె గ్లాసు ఎత్తి తాగింది. చివరి చుక్కదాకా, కొడుకునే చూస్తూ.

నాయుడు సీసా తీసుకుపోయి అల్మరాలో పెట్టాడు. కాసేపటికి వట్టి చేతులతో వచ్చి, "మరి ఇంకో దఫా జల్లిద్దురూ" అని గొణిగాడు. ఈసారి పంచదార గిన్నె తనే పట్టుకున్నాడు. గాలి వాటుకు పొడంతా ఆయన మీసాల మీదే పడింది.

ఆ మీసాలతోనే ఉండగా దుకాణం ముందు ఒక రైతు కేకేశాడు.

"నాయుడుగారో! మా బావమరిది తేనెపెట్టెలకి నల్లి పట్టిందండి. గట్టి మందొకటి ఇవ్వండి."

నాయుడు దుకాణంలోకి వెళ్ళి అల్మరా వైపు చూశాడు. వెనక్కి తిరిగి పెరట్లో ఉన్న మమ్మల్ని చూశాడు. ఆ ఇంటికి నేనొచ్చాక ఆయన గుమ్మంలోకి వచ్చిన బేరాన్ని వదులుకోవడం ఎన్నడూ చూడలేదు.

మీసం మీది పంచదార తుడుచుకుని అన్నాడు: "ఇక్కడ దొరకదు. పక్కన కిరాణా కొట్టుకెళ్ళు."